రీకాంబినెంట్ హ్యూమన్ జీబీఏ ప్రొటీన్: రెండిటి ధరలో ఇంత తేడా ఏంటి? ఏది కొనాలి?

తార్నాక_జేఆర్ఎఫ్:

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో ఈమధ్యే జేఆర్ఎఫ్‌గా, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోగా, చేరాను. మాది గౌచర్ జబ్బు మీద ప్రాజెక్ట్. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: కణంలో చెత్తని అరిగించే సంచుల్లాంటి లైసోజోముల్లో గ్లూకోసెరిబ్రోసిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, పొట్టిగా జీబీఏ అంటారు, దాన్ని తయారుచేసే జీన్ పేరు జీబీఏ1. అది దెబ్బతింటే ఒక రకం కొవ్వు మాక్రోఫేజ్‌లలో, అంటే చెత్తని మింగే రక్షణ కణాల్లో, పేరుకుపోయి ప్లీహం, కాలేయం ఉబ్బిపోతాయి, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఎముకలు నొప్పులు పెడతాయి. మన దేశంలో పేషెంట్లలో ఎక్కువగా కనిపించే మ్యుటేషన్ ఎల్444పి, అంటే 444వ స్థానంలో ల్యూసిన్ బదులు ప్రొలిన్. ఈ మ్యుటేషన్ వల్ల సరిగ్గా మడతపడని ప్రొటీన్‌ని నిలబెట్టగల చిన్న మాలిక్యూల్స్ ఏమైనా దొరుకుతాయా అని మేం వెతకాలి.

ఇప్పుడు నా సమస్య. పాజిటివ్ కంట్రోల్‌కి, అంటే పరీక్ష సరిగ్గా పనిచేస్తోందని చూసుకోవడానికి, శుద్ధి చేసిన మనిషి ఎంజైమ్ కొనమన్నారు మేడమ్, సోమవారం కల్లా ఇండెంట్ పెట్టాలి. కేటలాగ్‌లలో వెతికితే రెండు తేలాయి. రెండిటి పేరూ ఒకటే, రీకాంబినెంట్ హ్యూమన్ జీబీఏ, అంటే మనిషి జీన్‌ని వేరే కణాల్లో పెట్టి చేయించింది. ఒకటి ఈ.కోలై బ్యాక్టీరియాలో చేసింది, 50 మైక్రోగ్రాములు, ప్యూరిటీ 90 శాతం పైన అని రాశారు, ధర చాలా తక్కువ. రెండోది ఎలుక మైలోమా (ఒక రకం క్యాన్సర్) కణాల్లో చేసింది, కేవలం 10 మైక్రోగ్రాములు, ధర చూస్తే మొదటిదానికి మూడు రెట్లు. జెల్ ఫోటోలు (ప్రొటీన్లని సైజు ప్రకారం విడదీసి చూపేవి) రెండిటికీ చక్కగానే ఉన్నాయి, ఒకే బ్యాండ్. రెండిటి మీదా "పరిశోధనకు మాత్రమే" అనే ఉంది.

ల్యాబ్‌లో సీనియర్ ఒకరు "ప్రొటీన్ ప్రొటీనే, సీక్వెన్స్ ఒకటేగా, చవకది తీసుకో" అంటారు. ఇంకొకరు అస్సలు వద్దంటారు, ఎందుకూ అంటే "మేం ఎప్పుడూ అలా కొనలేదు" అంటారు, అది కారణం కాదు కదా. మా స్టోర్స్ వాళ్లేమో చవకది వదిలేసి ఖరీదైనది ఎందుకు కొంటున్నారో లిఖితపూర్వకంగా రాసివ్వమంటున్నారు, టెన్షన్ అంతా అక్కడే.

ఇంకో రెండు చిన్న డౌట్లు. ప్రొటీన్ చివర హిస్టిడిన్ ట్యాగ్ (శుద్ధి సులువు కావడానికి తగిలించే చిన్న తోక) ఉంటే ఎంజైమ్ పనికి అడ్డమా? ఎల్444పి మ్యుటెంట్ ప్రొటీనే నేరుగా దొరుకుతుందా?

---

పైపెట్_పంతులు:

బ్రో, చవకది కొనకు. కారణం స్టోర్స్ వాళ్లకి రాసివ్వగలిగేలా చెప్తాను.

ఈ ఎంజైమ్ మీద చక్కెర గొలుసులు తగిలించడానికి వీలున్న చోట్లు ఐదున్నాయి, మామూలుగా వాటిలో నాలుగింటికి తగులుతాయి. వాటిలో మొదటిది, 19వ స్థానంలో ఉన్న ఆస్పరాజిన్, అక్కడ చక్కెర లేకపోతే ఎంజైమ్ పనిచేసే రూపానికి రానే రాదు. ఈ.కోలైకి ఆ చక్కెరలు తగిలించే యంత్రాంగం లేదు. అంచేత అది చేసిచ్చేది అమైనో ఆమ్లాల వరుస వరకే మనిషిది, ఎంజైమ్‌గా మాత్రం దండగ. మీ సీనియర్ గారి "సీక్వెన్స్ ఒకటేగా" అన్నమాట చాలా ప్రొటీన్ల విషయంలో చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు.

మరి అలాంటిది ఎందుకు అమ్ముతున్నారంటే, దానికీ గిరాకీ ఉంది. యాంటీబాడీలు తయారుచేయడానికి ఇమ్యునోజెన్‌గా (జంతువుకి ఎక్కించే ప్రొటీన్‌గా), వెస్టర్న్ బ్లాట్‌లో (యాంటీబాడీతో ప్రొటీన్‌ని గుర్తించే పరీక్షలో) కంట్రోల్‌గా బాగానే పనికొస్తుంది. డేటాషీట్‌లో కింద ఎక్కడో "అప్లికేషన్స్" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడు, "యాక్టివిటీ" అన్న గడి ఉండదు, లేదా "పరీక్షించలేదు" అని ఉంటుంది. ప్యూరిటీ 90 శాతం అంటే ఆ సీసాలో ఉన్న ప్రొటీన్‌లో 90 శాతం అదే అని అర్థం, అందులో ఎంత పనిచేస్తోందో ఆ అంకె చెప్పదు. ఎస్‌డీఎస్ జెల్‌లో ప్రొటీన్‌ని ఉడకబెట్టి విప్పదీసి పరిగెత్తిస్తాం కాబట్టి చచ్చిన ఎంజైమ్‌కీ బతికున్న ఎంజైమ్‌కీ బ్యాండ్ అందంగానే వస్తుంది. జెల్ ఫోటో చూసి ఎంజైమ్ కొనడమంటే ఫోటో చూసి పెళ్లికి ఒప్పుకోవడమే.

ఇంకోటి కచ్చితంగా చూడు, అమైనో ఆమ్లాల హద్దులు. పూర్తి ప్రొటీన్ 536 అమైనో ఆమ్లాలు, మొదటి 39 సిగ్నల్ పెప్టైడ్, అంటే ప్రొటీన్ ఎటు పోవాలో చెప్పే ముక్క, కణంలోనే తెగిపోతుంది. మిగిలే 497 అసలు ఎంజైమ్. కాబట్టి మంచి డేటాషీట్‌లో "అలనిన్ 40 నుంచి గ్లుటమిన్ 536" అని ఉంటుంది. చవక రకాల్లో చాలాసార్లు మధ్యలోంచి ఒక ముక్క మాత్రమే ఉంటుంది. చర్య జరిపే రెండు గ్లుటమేట్‌లు పాత లెక్కలో 235, 340 స్థానాల్లో ఉన్నాయి, మడతకి మొత్తం ప్రొటీన్ కావాలి.

పాత లెక్క అన్నాను కదా, అది జాగ్రత్త. పాత పేపర్లలో సిగ్నల్ పెప్టైడ్ వదిలేసి లెక్కపెట్టేవాళ్లు, ఇప్పుడు మొదటినుంచీ లెక్కపెడతారు, తేడా 39. నీ ఎల్444పి కొత్త లెక్కలో 483వ స్థానం. ఎన్370ఎస్ అనే ఇంకో గౌచర్ మ్యుటేషన్ 409. ప్రైమర్లు డిజైన్ చేసేటప్పుడు ఇది మర్చిపోతే నెల పోతుంది. జీబీఏపీ1 అని పక్కనే ఒక సూడోజీన్, అంటే పనిచేయని నకలు జీన్, కూడా ఉంది, ఎక్సాన్ల వరకు చూస్తే 96 శాతం అదే సీక్వెన్స్, జీనోమిక్ డీఎన్ఏ నుంచి పీసీఆర్ చేస్తే అది కూడా దూరిపోతుంది. ఎల్444పి మార్పు ఆ సూడోజీన్‌లో సహజంగానే ఉంటుంది మరి, దాన్ని చూసి పేషెంట్‌కి మ్యుటేషన్ ఉందని రాసేసే ప్రమాదం నిజంగానే ఉంది.

చివర్లో ఆరు హిస్టిడిన్లు ఉంటే ఈ ఎంజైమ్‌కి చెప్పుకోదగ్గ ఇబ్బందేమీ లేదు, దాని గురించి నిద్ర చెడగొట్టుకోకు. మ్యుటెంట్ మాత్రం కేటలాగ్‌లో దొరకడం కష్టం, దొరికినా నీ పనికి అంతగా ఉపయోగం లేదు, ఎందుకో కింద ఎవరైనా చెప్తారులే, నాకు సెంట్రిఫ్యూజ్ స్లాట్ ఉంది.

---

తార్నాక_జేఆర్ఎఫ్:

చాలా థాంక్స్ సర్. నేను బ్రో కాదు, అమ్మాయిని :) ఆ 19వ ఆస్పరాజిన్ సంగతి స్టోర్స్ నోట్‌లో యథాతథంగా పెట్టేస్తాను, వాళ్లకి అర్థం కాకపోయినా సంతకం పడుతుంది.

డేటాషీట్ మళ్లీ చూశా. ఖరీదైనదానికి అలనిన్ 40 నుంచి గ్లుటమిన్ 536 అనే ఉంది. చవకదానికి హద్దులు వేరే ఉన్నాయి, సగం దగ్గర మొదలవుతోంది. యాక్టివిటీ గడి లేదు.

---

ఫ్రీజర్_కాపలా:

అమ్మాయి గారూ, నేను డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో ఎంజైమ్ ఎస్సేలు, అంటే ఎంజైమ్ ఎంత పనిచేస్తోందో కొలిచే పరీక్షలు, చేస్తాను, లైసోజోమల్ జబ్బులే మా రోజువారీ పని. కొన్నాక ఏం చేయాలో నేను చెప్తాను, ఎందుకంటే మంచి ప్రొటీన్ కొని వారంలో చంపేసినవాళ్లని చాలామందిని చూశాను.

10 మైక్రోగ్రాముల పొడి కంటికి కనపడదు. సీసా ఖాళీగా వచ్చిందని సప్లయర్‌కి మెయిల్ కొట్టేస్తారు కొత్తవాళ్లు. మూత తీసే ముందు ఒక నిమిషం సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి, పొడి మూతకి అంటుకుని ఉంటే కిందికి వస్తుంది. డేటాషీట్ చెప్పిన బఫర్ మాత్రమే వేయండి, వోర్టెక్స్ వద్దు, పావుగంట అలా వదిలేసి నెమ్మదిగా పైపెట్‌తో కలపండి. లో బైండ్ ట్యూబులు వాడండి. ఈ ఎంజైమ్‌కి పొరలకి అతుక్కునే స్వభావం ఎక్కువ, పల్చటి ద్రావణంలో మామూలు ప్లాస్టిక్ గోడకే సగం అంటుకుపోయి "యాక్టివిటీ తక్కువ వస్తోంది" అని మీరు తల పట్టుకుంటారు.

ఒక్కో ప్రయోగానికి ఎంత కావాలో అంత చిన్న ఆలికాట్లు చేసి మైనస్ 80లో పెట్టండి. మంచు పట్టని ఫ్రీజర్, అదే ఫ్రాస్ట్ ఫ్రీ అంటారే, దాంట్లో వద్దు, అది మంచు కరిగించుకోవడానికి రోజూ వేడెక్కుతూ ఉంటుంది. కరిగించిన ఆలికాట్ మళ్లీ గడ్డకట్టించకండి, మిగిలితే పారేయండి, ప్రాణం ఉసూరుమన్నా సరే.

బీఎస్ఏ (ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రొటీన్) సంగతి ఆర్డర్ పెట్టేముందే తేల్చుకోండి. చాలా కంపెనీలు ఒకే ప్రొటీన్‌ని రెండు రకాలుగా అమ్ముతాయి, క్యారియర్‌గా బీఎస్ఏ కలిపినది, కలపనిది. ఎంజైమ్ ఎస్సే మాత్రమే అయితే కలిపినది మేలు, గోడకి అంటుకోదు. కానీ మీరు మడత గురించి అంటున్నారు, అంటే థర్మల్ షిఫ్ట్ (వేడి పెంచుతూ ప్రొటీన్ మడత ఎప్పుడు విప్పుకుంటుందో చూసే పరీక్ష) కూడా చేస్తారు. అందులో మీ ఎంజైమ్ కరిగే ఉష్ణోగ్రత చూడబోతే బీఎస్ఏ కరిగేది కనపడుతుంది. దానికి క్యారియర్ లేనిదే కావాలి.

ఎస్సే మేం చేసే పద్ధతి: సిట్రేట్ ఫాస్ఫేట్ బఫర్, పీహెచ్ 5.4 దగ్గర, అందులో సోడియం టారోకోలేట్ 0.25 శాతం, ట్రైటాన్ ఎక్స్100 0.25 శాతం. శరీరంలో సాపోసిన్ సి అనే చిన్న ప్రొటీనూ, పొరలోని లిపిడ్లూ ఈ ఎంజైమ్‌ని ఉత్తేజపరుస్తాయి, టెస్ట్ ట్యూబ్‌లో ఆ పని పిత్త లవణమైన టారోకోలేట్ చేస్తుంది, అది మర్చిపోతే సిగ్నల్ నేలమట్టం. సబ్‌స్ట్రేట్, అంటే ఎంజైమ్ కోసే పదార్థం, 4 మిథైల్ అంబెల్లిఫెరిల్ బీటా గ్లూకోసైడ్. బఫర్‌లో కరగనని మొరాయిస్తుంది, వెచ్చబెట్టి సోనికేట్ చేయండి, వెలుతురు తగలనివ్వకండి. 37 డిగ్రీల దగ్గర అరగంటో గంటో ఉంచి గ్లైసిన్, సోడియం హైడ్రాక్సైడ్ బఫర్‌తో పీహెచ్ 10 దాటించి ఆపేయండి. అలా ఆపడం వల్ల ఎంజైమ్ చావడమే కాదు, సబ్‌స్ట్రేట్ నుంచి విడుదలైన 4 ఎంయూ (4 మిథైల్ అంబెల్లిఫెరోన్) ఆమ్లంలో సరిగ్గా మెరవదు, క్షారంలోనే మెరుస్తుంది. 365 నానోమీటర్ల దగ్గర వెలుగిచ్చి 450 దగ్గర చదవండి.

ప్రతి ప్లేట్‌లోనూ కాండురిటాల్ బీ ఎపాక్సైడ్ వేసిన బావులు (ప్లేట్‌లోని చిన్న గుంటలు) కొన్ని పెట్టండి. అది 340 గ్లుటమేట్‌కి శాశ్వతంగా అంటుకుని ఎంజైమ్‌ని ఆపేస్తుంది. దానితో ఆగని సిగ్నల్ ఏదైనా ఉంటే అది మీ జీబీఏది కాదు. శుద్ధి చేసిన ప్రొటీన్‌తో ఇది లాంఛనంలా అనిపిస్తుంది కానీ రేపు కణాల లైసేట్‌కి (పగలగొట్టిన కణాల రసానికి) వెళ్లాక జీబీఏ2 అని ఇంకో ఎంజైమ్ ఇదే సబ్‌స్ట్రేట్‌ని కొరుకుతుంది, అప్పుడు దీని విలువ తెలుస్తుంది.

---

బోస్టన్_బాపట్ల:

పైన ఇద్దరూ చెప్పింది బాగుంది. నేను కొంచెం అడ్డం తిరుగుతాను, ఏమనుకోవద్దు.

చెల్లీ, అసలు లెక్క వేశావా? ఎంజైమ్ ఎస్సేకి ఒక్కో బావికి 20 నానోగ్రాములు చాలు అనుకుందాం, 10 మైక్రోగ్రాములతో 500 బావులు నడుస్తాయి, హాయిగా సరిపోతుంది. అదే థర్మల్ షిఫ్ట్ అయితే 20 మైక్రోలీటర్లలో 1 మైక్రోమోలార్ అన్నా ఒక్కో బావికి 1.2 మైక్రోగ్రాములు, ఎందుకంటే ఈ ప్రొటీన్ దాదాపు 60 కిలోడాల్టన్లు. ఎనిమిది బావులకి నీ సీసా ఖాళీ. ట్రిప్లికేట్ (ఒక్కోదానికి మూడు బావులు) పెడితే రెండు కాంపౌండ్లు చూసేసరికి మేడమ్ ముందు ఇంకో ఇండెంట్.

ఈ రంగంలో చాలా ల్యాబ్‌లు చేసే పని ఒకటుంది, కేటలాగ్ వాళ్లు చెప్పరు. మందుగా వాడే ఎంజైమ్ ఇమిగ్లుసెరేజ్, సెరిజైమ్ పేరుతో వస్తుంది కదా, అది కూడా రీకాంబినెంట్ హ్యూమన్ జీబీఏనే. ఒక్క సీసాలో 400 యూనిట్లు, అంటే ప్రొటీన్ మిల్లీగ్రాముల్లో ఉంటుంది, మైక్రోగ్రాముల్లో కాదు. పేషెంట్‌కి ఎక్కించాక సీసా అడుగున మిగిలిన కాస్త ద్రావణమే ల్యాబ్‌కి నెలల తరబడి వస్తుంది. ఎన్నో పేపర్ల మెథడ్స్‌లో "ఇన్‌ఫ్యూజన్ తర్వాత మిగిలిన మందు" అని రాసి ఉంటుంది చూడు. ఇన్‌ఫ్యూజన్ జరిగే ఆసుపత్రిలో డాక్టర్ గారితో మేడమ్ మాట్లాడితే, ఎథిక్స్ కమిటీకి, ఆసుపత్రి వాళ్లకి కాగితం పెట్టుకుని, దొరకొచ్చు. కాగితం లేకుండా నర్స్ గారిని బతిమాలి తెచ్చుకోవడం మాత్రం వద్దు.

కాకపోతే అది మన కణాల్లో ఉండే ఎంజైమ్‌కి అచ్చు నకలు కాదు. 1991లో మొదట వచ్చిన మందు మనుషుల మాయ (ప్లాసెంటా) నుంచి తీసేవారు, ఒక్క పేషెంట్‌కి ఏడాదికి వేల మాయలు కావాల్సి వచ్చేది. 1994లో చైనీస్ హామ్‌స్టర్ కణాల్లో చేసిన ఇమిగ్లుసెరేజ్ వచ్చింది. అందులో 495వ స్థానంలో ఆర్జినిన్ బదులు హిస్టిడిన్ ఉంది, పైగా చక్కెర గొలుసుల చివరలు కోసి మ్యానోజ్ పైకి కనపడేలా చేస్తారు, మాక్రోఫేజ్‌లు దాన్ని పట్టుకుని లోపలికి లాక్కోవడానికి. ఎంజైమ్ ఎస్సేకి, థర్మల్ షిఫ్ట్‌కి ఈ తేడాలు పెద్దగా అడ్డు రావు. కణాల్లోకి ఎలా వెళ్తుంది అన్న ప్రయోగం చేస్తే మాత్రం ఫలితం మొత్తం ఆ మ్యానోజ్ వల్లే వస్తుంది, అది గుర్తుంచుకో. 2010లో వచ్చిన వెలాగ్లుసెరేజ్ మనిషి కణాల్లో చేసింది, సీక్వెన్స్ మార్పు లేదు. 2012లో వచ్చిన టాలిగ్లుసెరేజ్ క్యారెట్ కణాల్లో చేసింది. ఏ మందు మిగులు వాడావో, లాట్ నంబర్‌తో సహా, నోట్‌బుక్‌లో రాయి.

మందు యూనిట్లనీ కేటలాగ్ యూనిట్లనీ నేరుగా పోల్చకు. సబ్‌స్ట్రేట్ వేరు, పీహెచ్ వేరు, లెక్క కట్టే పద్ధతి వేరు. నీ ఎస్సేలో రెండిటినీ పక్కపక్కన పెట్టి కొలిచిందే నీకు ప్రమాణం.

ఇక పంతులు గారు వదిలేసిన సంగతి. శుద్ధి చేసిన మామూలు ఎంజైమ్‌తో నువ్వు చూడగలిగేది కాంపౌండ్ ఎంజైమ్‌కి అంటుకుంటుందా, దాని చర్యని ఆపుతుందా, వేడికి తట్టుకునేలా చేస్తుందా, అంతవరకే. ఎల్444పి సమస్య ఇంకోచోట ఉంది. ఆ మార్పు చర్య జరిగే డొమైన్‌లో లేదు, పక్కన ఇమ్యునోగ్లోబ్యులిన్ లాంటి ఇంకో డొమైన్‌లో ఉంది. మడత పాడై, కణంలో ప్రొటీన్లు మడతపడే చోటైన ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లోనే చాలావరకు నాశనమైపోతుంది, లైసోజోమ్ దాకా చేరేదే తక్కువ. అందుకే చర్య జరిగే చోట కూర్చునే చాపెరోన్లు, అంటే ప్రొటీన్ మడతని నిలబెట్టే చిన్న మాలిక్యూల్స్, ఎన్370ఎస్ కణాల్లో పనిచేసినంత బాగా ఎల్444పి కణాల్లో పనిచేయవు. ట్యూబులో ఉన్న మామూలు ప్రొటీన్‌కి రెటిక్యులమ్ లేదు, దాన్ని నాశనం చేసేవాళ్లూ లేరు. మ్యుటెంట్ ప్రొటీన్ కొన్నా నీ ప్రశ్నకి జవాబు రాదనడానికి కారణం అదే. పేషెంట్ ఫైబ్రోబ్లాస్ట్‌లు (చర్మం నుంచి పెంచే కణాలు) కావాలి. అమెరికాలో కోరియెల్ ఇన్‌స్టిట్యూట్ దగ్గర గౌచర్ కణాలు ఉన్నాయి, రెండు కాపీలూ ఎల్444పి ఉన్నవి కూడా. రెటిక్యులమ్ దశ చక్కెరలని కోసే ఎండో హెచ్ ఎంజైమ్‌తో కోసి వెస్టర్న్ చేస్తే ప్రొటీన్ రెటిక్యులమ్ దాటిందో లేదో తెలుస్తుంది.

ఐసోఫాగోమైన్ అనే చాపెరోన్ కథ ఒకసారి చదువు. నానోమోలార్ స్థాయిలో అంటుకుంటుంది, థర్మల్ షిఫ్ట్‌లో అద్భుతంగా కనిపిస్తుంది, కణాల్లో కూడా ఎంజైమ్ స్థాయి పెంచింది. పేషెంట్లలో రెండో దశ ట్రయల్ దాటి ముందుకు పోలేదు. నా మటుకు నాకు ఈ రంగంలో కొత్తవాళ్లు మొదట తెలుసుకోవాల్సింది ఇదే.

---

నల్గొండ_నాన్న:

నేను సైన్స్ వాణ్ని కాదండి, ఆర్టీసీలో పని. మా బాబుకి గౌచర్ అని తేలింది, బరువు 20 కిలోలు, పొట్ట ఉబ్బి ఉంటుంది, ముక్కులోంచి రక్తం కారుతుంటుంది. మందు ధర వింటే కళ్లు తిరుగుతున్నాయి. మీరు మాట్లాడుతున్న ప్రొటీన్ మా బాబుకి కావలసిన ఎంజైమే అని పేరు చూస్తే అర్థమవుతోంది. 10 మైక్రోగ్రాముల సీసా మందు సీసా కన్నా చాలా తక్కువ ధరకి ఉంది. అది కొని మా డాక్టర్ గారి చేత ఎక్కించుకోవచ్చా? తప్పుగా అడిగితే క్షమించండి.

---

ఫ్రీజర్_కాపలా:

అన్నా, తప్పేం లేదు, మా దగ్గరికి శాంపిల్ తెచ్చే తల్లిదండ్రులు కూడా అడుగుతుంటారు. కానీ దయచేసి ఆ ఆలోచన మానేయండి. కారణాలు చెప్తాను, వినండి.

ముందు లెక్క. గౌచర్‌కి సాధారణంగా రాసే మోతాదుల్లో ఒకటి, కిలోకి 60 యూనిట్లు, రెండు వారాలకోసారి. 20 కిలోల పిల్లాడికి 1200 యూనిట్లు, అంటే 400 యూనిట్ల సీసాలు మూడు. ఆ మూడు సీసాల్లో ప్రొటీన్ సుమారు 30 మిల్లీగ్రాములు ఉంటుంది. ల్యాబ్ సీసాలో ఉండేది 10 మైక్రోగ్రాములు. ఒక్క విడతకే అలాంటివి దాదాపు 3000 కావాలి. గ్రాముకి గ్రాము లెక్కేస్తే ల్యాబ్ ప్రొటీన్ మందు కన్నా ఎన్నో రెట్లు ఖరీదు, సీసా చిన్నది కాబట్టి చవగ్గా కనిపిస్తుంది, అంతే.

రెండోది అసలైన ప్రమాదం. పరిశోధన ప్రొటీన్‌ని ఒంట్లోకి ఎక్కించడానికి తయారుచేయరు. స్టెరిలిటీ హామీ ఉండదు, బ్యాక్టీరియా నుంచి వచ్చే ఎండోటాక్సిన్ రక్తంలోకి వెళ్తే జ్వరం, బీపీ పడిపోవడం, ప్రాణం మీదకే వస్తుంది. పైన వాళ్లు చెప్పిన మ్యానోజ్ సంగతి ఉంది చూశారా, ఆ పని చేయని ప్రొటీన్ ఎక్కించినా మాక్రోఫేజ్‌లలోకి సరిగ్గా వెళ్లదు. ఏ డాక్టరూ ఒప్పుకోకూడదు, ఒప్పుకున్నారంటే ఆ డాక్టర్ని మార్చండి.

చేయాల్సింది వేరే ఉంది. కేంద్ర ప్రభుత్వానికి 2021 నుంచి అరుదైన జబ్బుల జాతీయ విధానం ఉంది. అందులో ఒక్కో పేషెంట్‌కి 50 లక్షల వరకు సాయం ఇస్తారు, గౌచర్ టైప్ 1 అందులో ఉంది, నరాల మీద పెద్దగా ప్రభావం లేని టైప్ 3 కూడా ఉంది. డబ్బు మీ చేతికి రాదు, సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ అని గుర్తించిన ఆసుపత్రి ద్వారానే. మనకి హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరిశోధన సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిసి ఆ సెంటర్‌గా ఉన్నాయి. ఎంజైమ్ రిపోర్టు, జీన్ టెస్ట్ రిపోర్టు, ఆధార్, ఇప్పటిదాకా చూపించిన కాగితాలన్నీ పట్టుకుని నిమ్స్‌లో జెనెటిక్స్ విభాగానికి వెళ్లండి. జీన్ టెస్ట్ ఇంకా కాకపోతే అది ముందు అడగండి, టైప్ ఏంటో తేలాలి.

ఆ 50 లక్షలు జీవితాంతం సరిపోవు, అది మీకు ముందే చెప్పడం మంచిది. పిల్లాడి బరువు పెరిగేకొద్దీ మోతాదు పెరుగుతుంది, డబ్బు అయిపోయాక చికిత్స ఆగిపోయిన పిల్లల కుటుంబాలు ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లాయి. కంపెనీలు ఉచితంగా మందు ఇచ్చే పథకాలు కూడా ఉంటాయి, డాక్టర్ గారే దరఖాస్తు పెట్టాలి. రెండూ ఒకేసారి అడగండి, ఒకటి అయ్యాక ఇంకోటి అనుకోవద్దు.

---

బోస్టన్_బాపట్ల:

అన్నయ్యా, ఒక్క మాట కలుపుతాను. అంబ్రాక్సాల్ అని దగ్గు సిరప్‌లో ఉండే మందు గౌచర్‌కి పనిచేస్తుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. పరిశోధన నిజమే, 2009లో చాపెరోన్‌గా గుర్తించారు, జపాన్‌లో నరాల సమస్య ఉన్న ఐదుగురు గౌచర్ పేషెంట్ల మీద చిన్న అధ్యయనం కూడా జరిగింది. కానీ అక్కడ వాడిన మోతాదు సిరప్ మోతాదుకి ఎన్నో రెట్లు. ఇంట్లో సీసాలు సీసాలు తాగించే పని పెట్టుకోవద్దు, డాక్టర్ గారిని అడగండి.

---

నల్గొండ_నాన్న:

అర్థమైందండి. ఇద్దరికీ దండాలు. జీన్ టెస్ట్ కాలేదు, ఎంజైమ్ టెస్ట్ ఒక్కటే అయింది. ఈ వారమే లీవ్ పెట్టి నిమ్స్‌కి వెళ్తాను.

---

ఫ్రీజర్_కాపలా:

ఓపీకి పొద్దున్నే వెళ్లండి అన్నా, బాబుని వెంట తీసుకెళ్లండి, వాళ్లు ప్లీహం సైజు చూస్తారు. పాత ప్లేట్‌లెట్ల రిపోర్టులు కూడా పెట్టుకోండి.

---

తార్నాక_జేఆర్ఎఫ్:

మేడమ్‌కి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. తేల్చింది ఇది: ఎలుక మైలోమాలో చేసిన 10 మైక్రోగ్రాములది, బీఎస్ఏ లేనిది, ఒక్కటి కొంటాం, ఎస్సేకి, ప్రమాణానికి. థర్మల్ షిఫ్ట్‌కి మందు మిగులు కోసం మేడమ్ ఒక డాక్టర్ గారికి రాస్తున్నారు, ఎథిక్స్ అప్లికేషన్ డ్రాఫ్ట్ నా నెత్తిన పడింది. ఫైబ్రోబ్లాస్ట్‌ల సంగతి వచ్చే బడ్జెట్‌లో చూస్తారట.

బీఎస్ఏ లేనిది కొంటే ఎస్సేలో గోడకి అంటుకుంటుంది కదా, అప్పుడేం చేయాలి? ఇంకోటి, థర్మల్ షిఫ్ట్‌కి, విప్పుకున్న ప్రొటీన్‌కి అంటుకుని మెరిసే సైప్రో ఆరెంజ్ రంగు వాడదామనుకుంటున్నాం, ఎస్సే బఫర్‌నే వాడొచ్చా? సప్లయర్‌ని అడిగితే "అప్లికేషన్ టీమ్ సంప్రదిస్తుంది" అని మెయిల్ వచ్చింది, టీమ్ మాత్రం రాలేదు.

---

పైపెట్_పంతులు:

బ్రో అన్నందుకు సారీ అమ్మా. టీమ్ రాదు, ఎదురుచూడకు.

బీఎస్ఏ నువ్వే కలుపుకో. సీసా విప్పినప్పుడు చిక్కటి స్టాక్ క్యారియర్ లేకుండా ఆలికాట్లు చేసి పెట్టు. ఎస్సే రోజు ఒక ఆలికాట్ తీసి, 0.1 శాతం బీఎస్ఏ ఉన్న ఎస్సే బఫర్‌లో పల్చన చెయ్యి. అలా ఒకే సీసా రెండు పనులకీ వస్తుంది.

ఎస్సే బఫర్‌లో థర్మల్ షిఫ్ట్ వద్దే వద్దు. సైప్రో ఆరెంజ్ ట్రైటాన్ మైసెల్స్‌కి (డిటర్జెంట్ అణువుల గుంపులకి) అంటుకుని మొదటి డిగ్రీ నుంచే వెలిగిపోతుంది, కర్వ్ రాదు. డిటర్జెంట్, టారోకోలేట్ ఏమీ లేని బఫర్ తీసుకో. పీహెచ్ 5.2 దగ్గర ఒక సెట్, 7.4 దగ్గర ఒక సెట్ పెట్టు. ఈ ఎంజైమ్‌కి లైసోజోమ్ ఆమ్లత్వంలో ఉన్న నిలకడ తటస్థ పీహెచ్‌లో ఉండదు, రెటిక్యులమ్‌లో ఉండేది తటస్థమే, కాబట్టి కాంపౌండ్ సాయం నీకు కావలసింది 7.4 దగ్గర. ఆమ్లంలో వదిలేసి తటస్థంలో గట్టిగా పట్టుకునే కాంపౌండ్ దొరికితే అది బంగారం, ఎందుకంటే లైసోజోమ్ చేరాక ఎంజైమ్‌ని దాని పని దాన్ని చేసుకోనివ్వాలి కదా. అంబ్రాక్సాల్ ఆ బాపతే, చవగ్గా దొరుకుతుంది, కంట్రోల్‌గా పెట్టుకో.

కాంపౌండ్లని కరిగించే డీఎంఎస్ఓ అన్ని బావుల్లో ఒకే శాతం ఉండాలి, 1 దాటనివ్వకు. ఇంకోటి, నీ కాంపౌండ్లలో కొన్ని వాటంతట అవే 450 దగ్గర మెరుస్తాయి, కొన్ని 4 ఎంయూ మెరుపుని మింగేస్తాయి. ఎంజైమ్ లేకుండా, విడిగా 4 ఎంయూ వేసి, ప్రతి కాంపౌండ్‌తోనూ ఒక బావి చదువు. మింగేసే కాంపౌండ్ ఇన్హిబిటర్ లాగే కనిపిస్తుంది, ఆ బావి లేకపోతే నెలల తరబడి దాని వెంటే తిరుగుతావు.

పార్సిల్ గురించి ఒక్కటి. ఫ్రీజ్ డ్రై చేసిన పొడి అయితే దారిలో రెండు రోజులు ఐస్ లేకపోయినా సాధారణంగా ఏమీ కాదు, శంషాబాద్ కస్టమ్స్‌లో ఆగిందని ఏడవక్కర్లేదు. ద్రవ రూపంలో డ్రై ఐస్‌తో వచ్చేదైతే శుక్రవారం డెలివరీ పెట్టొద్దని మెయిల్‌లో ముందే రాయి, శని ఆదివారాల్లో సెక్యూరిటీ గది టేబుల్ మీద పడి ఉంటుంది.